పన్నెండో నవల మీద నా అభిప్రాయం

ఆగస్టు 26, 1996

ఇవాళ పనికి, పబ్లిషరు ఆఫీసుకి వెళ్ళాను. తొమ్మిది రోజుల ప్రార్థనలు గురువారంతో అయిపోయాయి. వచ్చినవాళ్ళంతా నూడుల్స్ తిని, కాఫీ తాగి, నా చేతులు పట్టుకుని ఏదో ఒకటి అనేసి వెళ్ళిపోయారు. ఇంట్లో మా ఆయన ఫ్లోరో చెప్పులున్నాయి, ఫ్లోరో రంగు డబ్బాలున్నాయి. వాటిని చూస్తూ కూర్చోవడం కంటే చెడ్డ నవలలు చదువుకోవడం నయం.

పాసింగ్ అక్క నా బల్ల తుడిచి పెట్టింది. "ఇంకో వారం ఉండాల్సింది నెనీ, ఎవరు కాదంటారు?" అంది.

"ఇంట్లో ఉండి ఏం చేయనక్కా?"

నా జాకెట్టు మీద సంతాపానికి పెట్టుకున్న నల్ల గుడ్డముక్కను సరిచేసి, జూలై ఆఖరులో వచ్చిన రాతప్రతులు నాలుగూ నా ముందు పెట్టింది. ఒక థ్రిల్లరు, ఒక హత్య నవల, ఒక ప్రేమకథ, ఒక చరిత్ర నవల. ఎప్పటిలాగే పేర్లు లేవు, నంబర్లే. ఆ నియమం నేను పెట్టించిందే. పదేళ్ళ కిందట ఇక్కడ పనిచేసిన ఒకాయన తన బావమరిది ప్రేమకథలన్నీ వరసపెట్టి అచ్చు వేయిస్తుంటే గొడవ చేసి మరీ పెట్టించాను. అప్పట్నుంచి ఏ నంబరు ఎవరిదో రాసుండే పుస్తకం పాసింగ్ అక్క సొరుగులో ఉంటుంది, తాళంచెవి ఆవిడ మెడలో ఉంటుంది.

ఫ్లోరో ఎలా పోయాడని మెట్ల మీద ఇద్దరు అడిగారు. జీప్నీ బస్సు మీద ఊరి పేరు రాస్తూ రాస్తూ కూర్చుండిపోయాడట, అంతే అని చెప్పాను. ఆ పొద్దున మేం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. మాట్లాడుకోలేదేమో.

ఏడుపు రాలేదు. వస్తుందిలే అని అందరూ ధైర్యం చెబుతున్నారు.

ఆగస్టు 29

406. థ్రిల్లరు. నాలుగు హెలికాప్టర్లు, ఒక మంత్రి, ఒక బాంబు. బాంబు పేలడానికి పది నిమిషాలే ఉందని మూడో అధ్యాయంలో చెప్పి పదకొండో అధ్యాయం దాకా పేల్చలేదు. మధ్యలో హీరో తీరిగ్గా స్నానం కూడా చేశాడు.

తిప్పి పంపాను. అభిప్రాయం చీటీ మీద రెండు లైన్లు రాశాను. మామూలుగా నేను తిప్పి పంపేవాటికి రెండు పేజీలకి తక్కువ రాయను. తీసుకున్న నవలకి "తీసుకున్నాం" అంటే చాలు, వద్దన్న నవలకి మాత్రం ఎందుకు వద్దో చెప్పాలి కదా. దీనికి పాసింగ్ అక్క నన్ను ఎప్పుడూ వెక్కిరిస్తుంది, తిట్టడానికి ఎంత ఓపికే నీకు అని. ఇవాళ చెయ్యి కదల్లేదు.

ఆగస్టు 31

శనివారం. ఫ్లోరో చదరంగం ఆడటానికి మారికినాలో చెల్లెలింటికి వెళ్ళే రోజు. ఇక లేడు కాబట్టి ఇల్లు నాకు వేరేగా అనిపించాలి. శనివారాలు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాడు కాదు కాబట్టి అలా కూడా అనిపించలేదు.

సెప్టెంబరు 4

411. హత్య నవల. చిన్న ఊరు. డోన్యా సెలెస్తీనా అని రిటైరైన స్కూలు ఇన్‌స్పెక్టరమ్మ హంతకుల్ని పట్టుకుంటుంది. ఊరంతటికీ ఆవిడంటే హడలు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు, నోరు విప్పడు, ప్రతి అధ్యాయం చివర ఆవిడకి కాఫీ కలిపిస్తాడు. హంతకుడు మందుల షాపువాడని పదో పేజీలోనే తెలిసిపోయింది. అరవై పేజీల దగ్గర ఆపేశాను. అరవై చదివితే చాలునని ఆఫీసు రూలు. నేనెప్పుడూ ఆ రూలు వాడుకోలేదు, ఎంత చెత్తయినా ఆఖరిదాకా చదివేదాన్ని. ఇప్పుడు వాడుకుంటే ఏం?

చీటీ: "హంతకుడు ముందే దొరికిపోతున్నాడు. డిటెక్టివు ఎప్పుడూ తప్పు చేయదు కాబట్టి ఆమె మీద జాలీ లేదు, ఇష్టమూ లేదు. ఇలాంటి ఆవిణ్ణి ఆ భర్త ఎందుకు ప్రేమిస్తున్నాడో నాకు నమ్మబుద్ధి కాలేదు."

మూడు లైన్లు. పాసింగ్ అక్క చూసి, "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను.

సెప్టెంబరు 9

వాన. చదవలేదు.

సెప్టెంబరు 10

వాన. చదివాను. ఏం చదివానో తెలీదు.

సెప్టెంబరు 22

నలభయ్యో రోజు. ఆత్మ ఇవాళ్టితో ఇల్లు వదిలి వెళుతుందని మా వాళ్ళ నమ్మకం. ప్రార్థన అయింది, తీపి అన్నం పంచిపెట్టాం, అందరూ వెళ్ళిపోయారు. ఫ్లోరో చెల్లెలు బెలెన్ మాత్రం వంటింట్లో నిలబడి తుడిచిన పళ్ళేలనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"వదినా, కోప్పడనని మాటియ్యి."

"ముందు సంగతేంటో చెప్పు."

"అన్నయ్య శనివారాలు మా ఇంటికొచ్చేది చదరంగం ఆడటానికి కాదు. అసలు మా ఆయనకి చదరంగమే రాదు."

సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. నేను అనుకున్నది వేరు. ఇరవై ఏళ్ళుగా చదువుతున్న నవలల వల్ల అనుకున్నాను, ఎవరో ఒకామె ఫొటో ఉంటుందని. మూత తీస్తే నా చేతిరాత కనిపించింది. మా ఆఫీసు అభిప్రాయం చీటీలు, పదకొండు నవలలవి.

"ఇవి నీకెలా వచ్చాయి?"

"నాక్కాదు, అన్నయ్యకొచ్చాయి. నవలలు రాసేవాడు వదినా. మా బూట్ల షాపు బిల్లుల టైపు మిషను మీద టకటకలాడించి, మా ఇంటి అడ్రసు పెట్టి, వేరే పేరుతో మీ ఆఫీసుకే పంపేవాడు. నువ్వేమో తిప్పికొట్టేదానివి."

"నాకు చెప్పొచ్చు కదా!"

"చెప్తే తీసుకునేదానివా?"

తీసుకునేదాన్ని కాదు. లేదా తీసుకునేదాన్నేమో, అది ఇంకా అన్యాయం.

"జూలై ఆఖర్లో ఇంకోటి పంపాడు. పన్నెండోది. అది మీ దగ్గరే ఉండుండాలి," అంది బెలెన్.

"దేని గురించి?"

"నాకు తెలీదు. నేను ఒక్కటీ చదవలేదు. నాకు టైపు చప్పుడే తెలుసు."

"పాత నవలలు పదకొండూ ఏవీ?"

బెలెన్ పళ్ళెం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. "ఉంచలేదు వదినా," అంది వెనక్కి తిరక్కుండా.

సెప్టెంబరు 23

పదకొండు చీటీలూ చదివాను. మడతల దగ్గర కాగితం మెత్తబడిపోయింది.

ఒక ప్రేమకథ మీద రాశాను: "వీళ్ళిద్దరూ ప్రేమించుకుంటున్నారని రచయిత అంటున్నారు, వాళ్ళు మాత్రం అన్నం, చేపలు, వాన తప్ప మాట్లాడుకోరు. మూగవాళ్ళా?" ఒక చరిత్ర నవల మీద: "ఆ కాలంలో ఈ ఊళ్ళో కరెంటు స్తంభాలు లేవు. రచయిత తన కిటికీలోంచి చూసి రాసేస్తున్నారు." ఇంకో దాని మీద: "44వ పేజీ రెండో పేరాలో ఒక వాక్యం చాలా బాగుంది. మిగతా నవల దాని పక్కన నిలబడలేదు."

ఏ వాక్యమో గుర్తు రావడం లేదు. పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను.

ఈ చీటీలు అక్కడ శనివారం చదువుకుని, బస్సెక్కి ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడన్న మాట. "ఎవరు గెలిచారు?" అని అడిగేదాన్ని. "నేను కాదు" అనేవాడు. ప్రతిసారీ అదే జవాబు. ఇంత చెత్తగా ఆడేవాడు మానుకోవచ్చు కదా అని కూడా అన్నాను ఒకసారి.

సెప్టెంబరు 24

పాసింగ్ అక్కకి చెప్పాను. ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత మెడలో తాళంచెవి తీసింది.

"పుస్తకం చూడమంటావా నెనీ? ఒక్క నిమిషం పని."

"వద్దక్కా."

"నీ మొగుడే! ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

రూలు నాది. తెలిసి తీసుకుంటే అది ముష్టి. పదకొండుసార్లు నిలబడి దెబ్బలు తిన్న మనిషికి పోయాక ముష్టి వెయ్యను. తెలిసి కాదంటే ఇంకేముంది, రెండోసారి పూడ్చిపెట్టినట్టే. కాబట్టి తెలియకూడదు. చదివి బాగుంటే తీసుకుంటాను, ఇంకే దారీ లేదు. అతనికి మిగిలిన అవకాశం ఇదొక్కటే, పదమూడోది రాడు.

ఇంకా రెండున్నాయి. వెళ్ళిపోయిన రెంటిలోనూ అతనిది ఉండదు. ఫ్లోరోకి హెలికాప్టర్ల గురించి ఏం తెలుసు? ఇక ఆ హత్య నవలంటారా, అతనిదైతే నేను గుర్తుపట్టేదాన్ని. ఇరవై మూడేళ్ళు కాపురం చేశాను.

సెప్టెంబరు 27

418. ప్రేమకథ. హీరో వానలో నిలబడి మూడు పేజీలు ఏకబిగిన మాట్లాడాడు. ఫ్లోరో కాదు. రాసింది పాతికేళ్ళ లోపు అమ్మాయి అని పందెం కాస్తాను. మార్చి పంపమన్నాను, ఆ మూడు పేజీలూ మూడు మాటలు చెయ్యమన్నాను.

ఒక్కటే మిగిలింది.

సెప్టెంబరు 30

420 మొదలుపెట్టాను. స్పెయిన్ వాళ్ళ కాలం, ఒక రేవు. ఓడల మీద పేర్లు రాసే మనిషి. అతని భార్య మంత్రసాని.

ఓడల మీద పేర్లు రాసే మనిషి. జీప్నీల మీద రాసేవాడు ఇంకేం రాస్తాడు?

అక్టోబరు 2

ముప్పై ఒకటో పేజీ. చేప తిని ముళ్ళు కంచం అంచున వరసగా పేర్చి పెడతాడు, చిన్నది ఒక చివర, పెద్దది ఒక చివర. ఫ్లోరో అలాగే పెట్టేవాడు. పెట్టేవాడా? పెట్టేవాడు. కంచాలు కడిగింది నేనేగా.

భార్య ఎవరికో పురుడు పోయడానికి వెళ్ళి ఆలస్యంగా వస్తే అతను ఏమీ అడగడు, నీళ్ళు కాచి ఉంచుతాడు. నేనూ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేదాన్ని.

అక్టోబరు 4

తీసుకున్నాను. పక్షపాతమేమోనని నన్ను నేనే నిలదీసుకున్నాను. కాదు, నిజంగా బాగుంది. కరెంటు స్తంభాలు లేవు. మనుషులు తక్కువ మాట్లాడతారు, ఆ తక్కువే సరిపోయింది. పదకొండు చీటీలూ చదివి నేర్చుకున్నాడు. తీసుకున్న నవలకి జీవితంలో మొదటిసారి రెండు పేజీలు రాశాను. ముళ్ళ గురించి రాశాను, నీళ్ళు కాచి ఉంచడం గురించి రాశాను.

ఇంటికొచ్చాక ఆకలేసింది. ఏడు వారాల్లో మొదటిసారి. ఎండుచేప వేయించుకుని అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

అక్టోబరు 6

చర్చిలో అతని పేరున పూజ చెప్పించాను. బెలెన్‌కి ఫోను చేసి, "మీ అన్నయ్య పుస్తకం వస్తోంది," అన్నాను. అటువైపు ఏడ్చింది. నేను ఏడవలేదు, కానీ బాగానే ఉన్నాను. ఇలా ఉంటే బతికేయొచ్చు.

అక్టోబరు 13

గోడకి కొత్త రంగు వేయిస్తే ఎలా ఉంటుంది?

అక్టోబరు 18

మధ్యాహ్నం పాసింగ్ అక్క వచ్చి, "నెనీ, ఒకావిడ వచ్చారు," అంది. మొహం పాలిపోయి ఉంది.

డెబ్భై దాటిన మనిషి. తెల్ల జుట్టు, ముడి, చేతిలో ఇలోయిలో ఊరి నుంచి తెచ్చిన రొట్టె బిస్కెట్ల అట్టపెట్టె. పేరు సలుద్. ఒప్పందం మీద సంతకం చెయ్యడానికి ఓడెక్కి వచ్చింది.

"ఆ చీటీ రాసింది మీరేనామ్మా?"

"నేనే."

"నాలుగుసార్లు చదివించుకున్నా మా మనవరాలితో. నాకు కళ్ళు సరిగా ఆనవు. నలభై ఏళ్ళు పురుళ్ళు పోశానమ్మా, ఇది మాత్రం ఎవరికీ చెప్పకుండా రాసుకున్నా. మా ఆయన రేవులో పడవల మీద పేర్లు రాసేవాడు. పోయి పదకొండేళ్ళు." నా చెయ్యి పట్టుకుంది. "ముళ్ళ సంగతి మీరంత బాగా ఎలా కనిపెట్టారు? ఆయన్ని చూసినట్టే రాశారే!"

"చదివితే తెలుస్తుందండీ," అన్నాను.

బిస్కెట్టు తినేదాకా వదల్లేదు. తిన్నాను. వెన్న, చక్కెర. బాగుంది అని చెప్పాను. ఆవిడ వెళ్ళిపోయాక పాసింగ్ అక్క నంబర్ల పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఈసారి వద్దనలేదు. తెరిచిందీ వేలు పెట్టి చూపించిందీ ఆవిడే.

411. పంపినవారి చిరునామా: మారికినా, బెలెన్ ఇల్లు. తిప్పి పంపిన తేదీ: సెప్టెంబరు 5.

"ఇంతేనా అని అడిగాను నెనీ ఆ రోజు," అంది పాసింగ్ అక్క. తప్పు పట్టి కాదు, బాధపడే అంది.

ఏమీ అనిపించలేదు. లేచి చేతులు కడుక్కున్నాను.

అక్టోబరు 19

పొద్దున్నే మారికినా వెళ్ళాను. బెలెన్ ఇంటి ముందు గది బూట్ల షాపు, వెనక గదిలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని బూట్లు పెట్టెల్లో సర్దుతుంటారు.

"పార్సిల్ వచ్చిందా బెలెన్? మా ఆఫీసు నుంచి, సెప్టెంబరులో?"

"రాలేదే. సెప్టెంబరులో నేను సగం రోజులు మీ ఇంట్లోనేగా ఉన్నా." అని వెనక్కి తిరిగి, "ఏమే, ఏదైనా వచ్చిందా?" అని అరిచింది.

సర్దేవాళ్ళలో పెద్దామె తలెత్తింది. "అన్నగారి కాగితాల కట్టేనా? వచ్చిందమ్మా. ఎప్పట్లాగే చీటీ సొరుగులో దాచాం."

"కాగితాలేవి?" అన్నాను.

ఆమె బెలెన్ వంక చూసింది. బెలెన్ నేల చూసింది. అప్పుడు నాకు అర్థమయింది. కొత్త బూటు ముందుభాగం అణిగిపోకుండా లోపల కాగితం ఉండచుట్టి కూరుతారు, ఈ ఊళ్ళో ప్రతి షాపువాళ్ళూ చేసే పనే. పాత పేపర్లు వాడతారు. నవలలు కూడా వాడతారు.

"అన్నయ్యే ఇచ్చేసేవాడు వదినా," అంది బెలెన్. "కట్ట విప్పి చీటీ ఒక్కటి జేబులో పెట్టుకుని, మిగతాది బూట్లలో పెట్టుకోండర్రా, మంచి కాగితం అనేవాడు. నేను మొదట్లో గోల పెట్టా. 'ఇంత కష్టపడి రాసింది ఇలా ఇచ్చేస్తావేంటి?' అంటే నవ్వేవాడు."

"చీటీ మాత్రం ఎందుకు?"

"నువ్వు అన్నయ్యతో రోజుకెన్ని మాటలు మాట్లాడేదానివి వదినా? ఏమనుకోకు, అడుగుతున్నా. మా వదిన ఈసారి అన్నయ్యకి రెండు పేజీలు రాసిందే అని తన కంటే ముందు నేనే మురిసిపోయేదాన్ని. తిట్లే, అయితే ఏం? ఒకసారి చీటీ చదివి, 'చూడు, నలభై నాలుగో పేజీ బాగుందంది' అని వీళ్ళందరికీ వినిపించాడు. అచ్చు కోసం రాసినట్టు నాకెప్పుడూ అనిపించలేదు."

సొరుగులోంచి చీటీ తీసి ఇచ్చింది. నా మూడు లైన్లు.

వెనక గదిలో కూర్చున్నాను. పెట్టెలు విప్పి, బూటు బూటులోంచి కాగితం లాగి, తొడ మీద పెట్టి చేత్తో సాపు చేశాను. కొన్నిట్లో పాత పేపరు, కొన్నిట్లో ఫ్లోరో. బెలెన్ వచ్చి పక్కన కూర్చుంది, నలుగురు ఆడవాళ్ళూ కూర్చున్నారు. ఆడవాళ్ళ బూటు, ముప్పై ఆరో నంబరు, ఎడమకాలిది, అందులో ఉన్న కాగితం విప్పితే డోన్యా సెలెస్తీనా కాఫీ తాగుతోంది. అప్పుడు ఏడుపు వచ్చింది. గట్టిగా, చప్పుడు చేస్తూ ఏడ్చాను. ఎక్కువసేపు కాదు, ఇంకా చాలా పెట్టెలున్నాయి.

క్రిస్మస్ అమ్మకాలకని మూడు వందల జతలు పోయిన వారమే సెబూకి ఓడెక్కించారట. అవి ఇక దొరకవు.

అక్టోబరు 21

192 పేజీల్లో 137 దొరికాయి. ఇస్త్రీ చేశాను. వరస పెట్టాను. ఆఫీసుకి సెలవు చెప్పాను.

అక్టోబరు 24

ఆఖరిదాకా చదివాను. అంటే ఉన్నంత వరకు. ఆఖరి అధ్యాయం పూర్తిగా సెబూ వెళ్ళిపోయింది. మళ్ళీ మొదట్నుంచి చదివాను.

అక్టోబరు 27

పాసింగ్ అక్కని అడిగి ఖాళీ చీటీలు తెచ్చుకున్నాను. అసలుది రాసే ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

నంబరు 411. హత్య నవల.

మందుల షాపువాడికి పదో పేజీలోనే అంత చెమట పట్టించకూడదు. హంతకుడెవరో పసిపిల్లలకి కూడా తెలిసిపోతుంది. కనీసం అరవై పేజీలు అతన్ని మంచివాడిగా తిరగనియ్యాలి. రెండో అధ్యాయం సాగింది. అందులో వాన గురించి పేరా బాగుంది కానీ హత్య నవలలో వానకి అంత పనిలేదు. శవం దొరికినప్పుడు ఊరివాళ్ళు మాట్లాడుకునే మాటలు చాలా సహజంగా ఉన్నాయి. నవ్వొచ్చింది. ఇంత బాగా మాట్లాడించగలిగినవాడివి ఆ భర్తకి ఒక్క మాటయినా ఎందుకివ్వలేదు?

డోన్యా సెలెస్తీనా తప్పే చేయదని రాశావు. అది నిజం కాదు, అలాంటి మనిషి ఉండదు. 97వ పేజీలో ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడు భర్త గోడగడియారం ముల్లు వెనక్కి తిప్పి పెడతాడు, ఆమె ఇంకా పొద్దుందనుకోవాలని. ఇది చాలా బాగుంది. ఈ పుస్తకంలో అన్నిటికంటే బాగుంది. ఊరందరి గుట్టూ పట్టుకునే మనిషికి తన ఇంట్లో గడియారం తేడా తెలియకపోవడం నమ్మేలా లేదని మొదట రాయబోయాను. కొట్టేశాను. తెలియదు.

కాఫీ ఎవరు కలుపుతున్నారో ఆవిడ ఒక్కసారైనా తలెత్తి చూసే సీను ఒకటి ఉండాల్సింది. దొరకని పేజీల్లో ఉందేమో, ఉంటే ఈ మాట వెనక్కి తీసుకుంటాను.

ఇలాంటి ఆవిణ్ణి ఆ భర్త ఎందుకు ప్రేమిస్తున్నాడో ఇప్పటికీ నాకు తెలియలేదు. ప్రేమిస్తున్నాడని మాత్రం నమ్మాను.

అచ్చుకి పనికిరాదు. ఇంకొకటి రాసి పంపు.